ఆమె తాగని టీ

“మీ ఆయన పెళ్ళిరోజుకి మిమ్మల్ని బయటికి తీసుకెళ్ళడం ఇదే మొదటిసారా?”

“అవునండీ.”

“పెళ్ళయి పన్నెండేళ్ళయింది కదా?”

“ఆయనకి తేదీలు గుర్తుండవు. నేనూ గుర్తుచెయ్యను.”

“మరి ఈసారి ఎవరు గుర్తుచేశారు?”

“ఎవరూ చెయ్యలేదు. ఆయనే అన్నారు.”

పోలీస్ స్టేషన్ వెనక గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, సగం తెరుచుకుని ఇరుక్కుపోయిన కిటికీ. మూడు రోజులుగా ఆమె పొద్దున్నే ఇక్కడికి వస్తోంది, చీకటి పడ్డాక ఇంటికి పోతోంది. ఇంకా అరెస్టు చెయ్యలేదు. చేస్తారని మాత్రం స్టేషన్లో గేటు తీసేవాడికి కూడా తెలుసు. భర్తకి విషం పెట్టిందని ఆమె మీద అనుమానం.

ఎదురుగా కూర్చున్న మనిషి పోలీసు కాదు, ప్రైవేటు డిటెక్టివ్. యాభై దాటిన ఆడమనిషి. భుజాన తోలు సంచి, ముక్కు మీదికి జారే కళ్ళజోడు. ఇన్‌స్పెక్టర్ భార్యకి స్వయానా అక్క. అతను ‘వదినా’ అని పిలిచీ పిలిచీ స్టేషన్లో అందరికీ ఆమె వదినగారే అయిపోయింది. అక్కడ ఆమె అసలు పేరు ఎవరైనా వాడగా విన్నవాళ్ళు లేరు.

“నన్ను మీ అత్తగారు పంపారు,” అంది వదిన. “‘నా కోడలు అలాంటిది కాదు’ అన్నారు.”

కోడలి కళ్ళు ఒక్కసారిగా నిండాయి. మూడు రోజుల్లో ఆ మాట అన్నవాళ్ళు ఇంకెవరూ లేరు కాబోలు. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

“ఆ రోజు భోజనం దగ్గర ఏం జరిగిందో చెప్పండి. చిన్నదైనా వదిలిపెట్టొద్దు.”

“మొరాకో రెస్టారెంటు. మేమెప్పుడూ అలాంటి చోటికి వెళ్ళలేదు. కింద మెత్తలు, మధ్యలో ఇత్తడి పళ్ళెం లాంటి బల్ల. వెళ్ళగానే చేతుల మీద గులాబీ నీళ్ళు పోశారు. గోపురం లాంటి మూత పెట్టిన మట్టి పాత్రలో మాంసం, ఎండు రేగుపళ్ళలాంటివేవో వేసి తెచ్చారు. ఇద్దరం అందులోంచే రొట్టెతో తిన్నాం.”

“ఒకే పాత్రలోంచి?”

“ఒకే పాత్రలోంచి. ఆయన మంచి మంచి ముక్కలు నా వైపు తోశారు కూడా.” ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఇంకా ఆ రోజు సంతోషం కాస్త మిగిలే ఉంది. “తర్వాత టీకి గ్లాసులు తెచ్చిపెట్టారు. హోటలావిడ వచ్చి, పెళ్ళిరోజట కదా, వంటిల్లు చూస్తావా అమ్మా అని అడిగింది. వెళ్ళాను. నేనొచ్చేసరికి ఆయన ఫోనొచ్చిందని బయటికి వెళ్ళి మాట్లాడుతున్నారు. ఆవిడ టీ పోసింది. ఆయన వచ్చి కూర్చున్నారు.”

“మీరు తాగారా?”

“ఒక్క గుక్క. పుదీనా టీ అది. ఒళ్ళు జలదరించేంత తీపి. నాకు తీపి పడదు. పక్కన పెట్టేశాను. ఆయన ‘తాగు, ఎంత బాగుందో చూడు’ అని బతిమాలారు. నన్ను ఒప్పించడానికి తన గ్లాసు ఖాళీ చేశారు, మళ్ళీ పోయించుకుని తాగారు. ‘చూడు, నేను తాగడంలా?’ అన్నారు. నేను తాగలేదు.”

ఇంటికి వెళ్ళే దారిలో అతనికి కళ్ళముందు అంతా పసుపు పచ్చగా కనబడటం మొదలైంది. మెట్ల దగ్గర వాంతి చేసుకుని కూలబడిపోయాడు. ఆమే కారు తిప్పి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. గుండె వేగాన్ని తగ్గించే మందు ఒంట్లోకి అతిగా వెళ్ళిందని డాక్టర్లు తేల్చారు. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నారు.

“ఆ మందు మీ ఇంట్లో ఉంది,” అంది వదిన.

“అత్తయ్యది. రోజూ నేనే ఇస్తాను.” ఆమె ఆ మాట దాచాలని చూడలేదు.

“ఇప్పుడొక ముఖ్యమైన సంగతి. మీ ఇద్దరి మధ్యా ఈమధ్య గొడవేమైనా వచ్చిందా?”

కోడలు చూపు కిటికీ వైపు తిప్పుకుంది.

“ఇంటి విషయాలండీ.”

“మీరు చెప్పకపోతే మా మరిది తనకి తోచింది రాసుకుంటాడు. అతనికి తోచేవి మీకు నచ్చవు.”

ఆ మాటతో ఆమె నోరు విప్పింది. భర్త కట్టడాల ఇంజనీరు. ఆమె అతని ఆఫీసులోనే ప్లాన్లు గీస్తుంది. వాళ్ళు కట్టిన బడి గోడ రెండు నెలల కింద కూలి ఇద్దరు పనివాళ్ళు చనిపోయారు. వచ్చేవారం దాని మీద విచారణ.

“నేను గీసినట్టు కట్టలేదండీ ఆ గోడ. లోపల ఇనుము ఆయన సగానికి తగ్గించేశారు. ప్లానులోనే అలా ఉందని విచారణలో చెప్పమన్నారు. నేను చెప్పనన్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్తానన్నాను.”

“దానికి ఆయనేమన్నారు?”

“అరిచారు. ఇల్లు ఎగిరిపోయేలా అరిచారు. మర్నాటికి చల్లబడ్డారు. ‘నువ్వన్నదే న్యాయం, ఇద్దరం కలిసే చెబుదాం, ముందు మన పెళ్ళిరోజు చేసుకుందాం’ అన్నారు.” ఆమె చేతులు ఒళ్ళో ముడుచుకుంది. “చావు దాకా వెళ్ళొచ్చిన మనిషి. ఇది బయటపెడితే ఆయన్ని నేనే ఇరికించినట్టవుతుంది. అందుకే పోలీసులకి చెప్పలేదు.”

వదిన కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆమె కళ్ళజోడు తుడుస్తోందంటే అద్దాలకి దుమ్ము పట్టిందని అర్థం కాదు.

తలుపు కొట్టకుండానే ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చాడు.

“కబుర్లు అయ్యాయా వదినా? ల్యాబ్ నుంచి రిపోర్టొచ్చింది.”

ఇద్దరూ వరండాలోకి నడిచారు. అతను గొంతు తగ్గించాడు గానీ అందులో గెలుపు దాగలేదు.

“మందు టీ కూజాలో ఉంది. రెండు గ్లాసుల్లోనూ ఉంది. మాంసంలో లేదు, రొట్టెలో లేదు. కూజాలోనే కలిపారంటే ఇద్దరూ తాగాలి. ఒకరు మాత్రం తాగలేదు. ఎందుకు తాగలేదు? అందులో ఏముందో తెలుసు కాబట్టి. మందు ఎవరి చేతిలో ఉంటుంది? ఆవిడ చేతిలో. పైగా వంటింట్లోకి వెళ్ళొచ్చింది. ఇంక నీకేం కావాలి?”

“నాకా? ఒక మంచి ప్రశ్న కావాలి. నీ దగ్గర అన్నీ జవాబులే ఉన్నాయి.”

“ఎకసెక్కాలొద్దు వదినా. పై నుంచి నాకు ఫోన్ల మీద ఫోన్లు. ఇవాళ అరెస్టు చేసి తీరతాను.”

“చెయ్యి. ముందు ఆ రెస్టారెంటు ఒక్కసారి తాళం తీయించు. నీ కేసు గట్టిదైతే నేను చూసినంత మాత్రాన పగిలిపోదుగా?”

ఇన్‌స్పెక్టర్‌కి ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. జీపు తాళాలు తీశాడు.

*

రెస్టారెంటు యజమానురాలు తలుపు దగ్గరే ఎదురైంది. భర్త ఉద్యోగం మూలంగా మొరాకోలో కొన్నేళ్ళుండి, అక్కడి వంట మీద మోజు పెంచుకుని వచ్చిన మనిషి. పోలీసులు వేసిన సీలు తన నుదుటి మీద వేసినట్టుగా ఉంది ఆమె మొహం.

“నా వంటింట్లో విషమేంటండీ! పెళ్ళిరోజని ఆ టీ నేనే స్వయంగా పెట్టాను. నేనే పోశాను. నన్ను అనుమానించినా బాగుండేది. ఎవరూ ఏమీ అనకుండా తాళం వేసి పోయారు.”

“ఇవాళ తాళం తీసేస్తారు,” అంది వదిన. “ఆ రోజు బల్ల ఎలా పరిచారో అలాగే పరవండి. గ్లాసులు, కూజా, అన్నీ.”

ఇత్తడి బల్ల మీద బంగారు గీతలున్న రెండు రంగు గ్లాసులు వచ్చాయి. ఒకటి ఎర్రది, ఒకటి ఆకుపచ్చది. రెండింటిలోనూ అడుగున గుప్పెడేసి పుదీనా ఆకులు.

“ఆకులు ముందే వేస్తారా?”

“వేసే తెస్తాం. పైనుంచి వేడి టీ పడితే ఆ వాసనే వేరు. ఎర్ర గ్లాసు ఆవిడ ముందు పెట్టాను.”

వదిన భర్త కూర్చున్న మెత్త మీద కూర్చుంది.

“నేను మొగుణ్ణి. మరిదీ, నువ్వు పెళ్ళానివి.”

“నేనా!”

“నీ మీసం వంక చూడన్లే. కూర్చో. ఇప్పుడు ఈవిడ నిన్ను వంటిల్లు చూడ్డానికి తీసుకెళ్తుంది. వెళ్ళిరా.”

ఇన్‌స్పెక్టర్ పళ్ళు నూరుకుంటూనే వెళ్ళాడు. వంటింట్లోంచి యజమానురాలి గొంతు వినిపించింది. మట్టి మూతల గురించి, సన్నటి సెగ గురించి ఆమె చెప్పుకుపోతోంది. మొన్న కూడా ఇంతే శ్రద్ధగా చెప్పి ఉంటుంది. బల్ల దగ్గర వదిన ఒక్కతే. రెండు గ్లాసులు, చుట్టూ తెరలు, చూసే దిక్కు లేదు. ఉప్పు బుడ్డిలోంచి నిండుగా రెండు చెంచాలు తీసి ఎర్ర గ్లాసులో ఆకుల కింద వేసింది. పైనుంచి చూస్తే ఏమీ తెలియడం లేదు. లేచి, ఫోను చెవికి ఆనించుకుని వాకిట్లోకి నడిచింది.

తిరిగొచ్చేసరికి ఇన్‌స్పెక్టర్ మెత్త మీద ఇబ్బందిగా కూర్చుని ఉన్నాడు. రెండు గ్లాసుల్లోనూ నురగలు కక్కుతున్న టీ.

“తాగు,” అంది వదిన.

అతను ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. “ఇదేం టీ! ఉప్పు కషాయం!”

“ఉప్పు నేనే వేశాను, నువ్వు వంటింట్లో ఉన్నప్పుడు. ఈ బల్ల దగ్గర ఒంటరిగా కూర్చున్న మనిషి ఎదుటివాళ్ళ గ్లాసులో ఏదైనా వెయ్యచ్చు. అదే చూద్దామనుకున్నాను.”

“అంటే మొగుడే పెళ్ళాం గ్లాసులో వేశాడంటావు!” ఇన్‌స్పెక్టర్ గట్టిగా నవ్వాడు. “సరే, వేశాడే అనుకుందాం. మరి మందు కూజాలోకి ఎలా వచ్చింది? అతని గ్లాసులోకి ఎలా వచ్చింది? చచ్చేంత మందు అతని ఒంట్లోకి ఎలా వెళ్ళింది? అందుకే వదినా, ఊహలు కథలకి బాగుంటాయి, కోర్టులో...”

అతను మాట్లాడుతూనే ఉన్నాడు. వదిన తన ముందున్న ఆకుపచ్చ గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగింది. నోట్లో టీ అలాగే ఉంచుకుని కదలకుండా ఉండిపోయింది. తర్వాత మెల్లగా మింగింది.

“మరిదీ, ఇది తాగు.”

“మళ్ళీనా?”

“తాగమన్నానా!”

తాగాడు. అతని నవ్వు ఆగిపోయింది.

“ఇది కూడా ఉప్పగా ఉంది.”

“ఈ గ్లాసులో నేనేమీ వెయ్యలేదు.” వదిన యజమానురాలి వైపు తిరిగింది. “ఏం చేశారమ్మా మీరు? ఈ టీ ఎలా పోశారు?”

ఆమె కంగారుపడింది. “ఎప్పుడూ పోసినట్టే పోశానండీ. మొదటి గ్లాసు నింపి, దాన్ని మళ్ళీ కూజాలోకి వెనక్కి పోసేస్తాం. అలా చేస్తేనే పంచదార, పుదీనా బాగా కలుస్తాయి. అప్పుడు అందరికీ పోస్తాం.”

“మొదటి గ్లాసంటే ఏది?”

“ఆడవాళ్ళ గ్లాసుతోనే మొదలుపెడతాను. ఎర్రదే.”

“మొన్న కూడా అలాగేనా?”

“అలాగే.”

“ఆ సమయానికి ఆయన ఎక్కడున్నాడు?”

“ఇప్పుడు మీరున్నట్టే. బయట ఫోన్లో.”

ఇన్‌స్పెక్టర్ చేతిలోని గ్లాసుని నిప్పు పట్టుకున్నట్టు కింద పెట్టాడు.

“ఆవిడ గ్లాసులో మందు వేశాడు,” అంది వదిన. ఇప్పుడు ఆమె గొంతులో వెటకారం లేదు. “టీ పోసేటప్పుడు తను పక్కన లేనని చెప్పుకోవడానికి బయటికి పోయాడు. అదే అతని కొంప ముంచింది. ఉండి ఉంటే ఆ గ్లాసు కూజాలోకి వంపెయ్యడం కళ్ళారా చూసేవాడు. తిరిగొచ్చి, తన గ్లాసులో ఏమీ లేదన్న ధీమాతో, పెళ్ళాంతో తాగించడానికి తను గ్లాసు మీద గ్లాసు తాగాడు. ఆవిడకి తీపి పడకపోబట్టి బతికింది.”

“ఎందుకు వదినా? పెళ్ళాన్ని ఎందుకు...”

“వచ్చేవారం గోడ కూలిన కేసులో విచారణ ఉంది. నిజం చెప్పేది ఆవిడొక్కతే. వెనక గదిలో కూర్చుంది కదా, వెళ్ళి నువ్వే అడుగు.”

ఇన్‌స్పెక్టర్ మెడ మీదికి చెయ్యి పోనిచ్చుకున్నాడు. ఆ వాలకం చూసి వదిన లేచి నిలబడింది.

“ఏమైంది?”

“ఆవిడ అక్కడ లేదు.”

“మరెక్కడుంది?”

“మనం బయల్దేరిన కాసేపటికి మొగుడు స్టేషన్‌కొచ్చాడట. ఆస్పత్రి వాళ్ళు పొద్దున ఇంటికి పంపించేశారు. ‘నా భార్య మీద నాకు ఏ అనుమానమూ లేదు, ఇంటికి తీసుకెళ్తాను’ అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడని ఎస్సై నాకు ఫోన్ చేశాడు. నేను వంటింట్లో ఉన్నప్పుడు. నేనే... తీసుకెళ్ళనిమ్మన్నాను. సాయంత్రం ఇంటి దగ్గరే అరెస్టు చెయ్యచ్చులే అని.”

వదిన అప్పటికే కోడలి నంబరు నొక్కుతోంది. ఫోను స్విచాఫ్.

*

జీపు వీధి మొదట్లో ఉండగానే, వదినని పంపిన ఆ అత్తగారు, పెద్దావిడ, కనిపించింది. అపార్టుమెంటు గేటు ముందు ఒక్కతే నిలబడి ఉంది. చేతిసంచి రెండు చేతులతోనూ గుండెలకి అదుముకుంది. వదినని చూసి రెండడుగులు ముందుకు వేసి, పక్కన ఇన్‌స్పెక్టర్ యూనిఫాం చూసి ఆగింది.

“అమ్మా, మీ కోడలు?”

“పైనుంది. వాడూ ఉన్నాడు.” పెద్దావిడ పైకి చూసింది. “రొట్టె తెమ్మని నన్ను బయటికి పంపాడు. వీధి చివరి దాకా వెళ్ళాను. కాళ్ళు ముందుకి పడలేదు. మీకు ఫోన్ చేద్దామని తీశాను. వేళ్ళు కూడా పడలేదు.”

“మీకో సంగతి చెప్పాలమ్మా,” అంది వదిన. “మీ కోడలు ఏ తప్పూ చెయ్యలేదు. కానీ...”

“వాడే కదూ?”

వదిన తలూపింది.

“ఆ రోజు మధ్యాహ్నం నేను నిద్రలేచి నీళ్ళ కోసం వెళ్తే వంటింట్లో చెంచా వెనక్కి తిప్పి ఏవో మాత్రలు నూరుతున్నాడు. తలనొప్పి మాత్రలమ్మా, మింగలేకపోతున్నా అన్నాడు. నమ్మాను. ఆస్పత్రిలో డాక్టరుగారు మందు పేరు చెప్పేదాకా నమ్మాను.” పెద్దావిడ ఇన్‌స్పెక్టర్ వైపు చూడకుండా వదిన వైపే చూస్తూ చెప్పింది. “కన్నకొడుకు. నా నోటితో ఎలా చెప్పను? చెప్పకపోతే ఆ పిల్ల జైలుకి పోతుంది. అందుకే మిమ్మల్ని పెట్టుకున్నాను. మీరే కనిపెడితే అది నేను చెప్పినట్టు అవదు కదా అనుకున్నాను. చూడండి, ఎంత పిరికిదాన్నో.”

ఇన్‌స్పెక్టర్ తల వంచుకుని బూట్ల వంక చూసుకున్నాడు.

“పొద్దున ఇంటికొచ్చాడు. రాగానే నీ మందులు అయిపోయాయేమో చూస్తానమ్మా అన్నాడు. ఇచ్చాను. వాడు వస్తాడని తెలిశాక రాత్రే సీసాలో మాత్రలు మార్చేశాను. నేను కాఫీలో వేసుకునే తీపి మాత్రలు పోశాను, చూడ్డానికి రెండూ ఒకటే. అసలువి ఇవిగో.” చేతిసంచిలోంచి రుమాలు మూట తీసి వదిన అరచేతిలో పెట్టింది. “ముట్టుకోడులే అనుకున్నాను. ఒట్టు, ముట్టుకోడనే అనుకున్నాను. నేను స్నానం చేసొచ్చి చూస్తే సీసా సగం ఖాళీ.”

“అయితే ఆవిడకి ప్రమాదం లేదు!” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“మాత్రలతో లేదు బాబూ. అది తాగీ ఏమీ కాకపోతే వాడేం చేస్తాడో నాకు తెలీదు. నాలుగో అంతస్తు. బాల్కనీ ఉంది.”

ఇన్‌స్పెక్టర్ మెట్ల వైపు దూకాడు. పెద్దావిడ అతని చెయ్యి పట్టుకుంది. అంత పట్టు ఆ చేతిలో ఉంటుందని ఎవరూ అనుకోరు.

“మీరు తలుపు బాదితే తియ్యడు. పగలగొట్టేలోపు జరిగేది జరిగిపోతుంది. నేను పిలిస్తే తీస్తాడు. వాడికి నా మీద అనుమానం లేదు.”

మరిదీ వదినా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళిద్దరూ ఒక్కమాట మీద ఉండటం చాలా కాలానికి అదే మొదలు.

“పదండమ్మా,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మెట్లెక్కుతున్నంతసేపూ పెద్దావిడ ఎక్కడా ఆగలేదు, గోడ పట్టుకోలేదు. గుండెజబ్బు మనిషి. పైకి చేరేసరికి మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోయింది. ఇన్‌స్పెక్టర్ తలుపుకి ఒక పక్క గోడకి ఆనుకున్నాడు, వదిన ఇంకో పక్క. పెద్దావిడ కొంగుతో మొహం తుడుచుకుని, జుట్టు సర్దుకుని, తలుపు తట్టింది.

“నాన్నా, నేనురా. రొట్టె దొరకలేదు.”

లోపల చెంచా చప్పుడు ఆగింది.

“అత్తయ్య వచ్చినట్టున్నారు, నేను తీస్తానుండండి,” అన్న కోడలి గొంతు వినిపించింది. వదిన బిగపట్టిన ఊపిరి వదిలింది.

“నువ్వు కూర్చో,” అంది మగ గొంతు, ఎంతో ప్రేమగా. “అది తాగెయ్ ముందు. మొత్తం. నేను తీస్తాలే.”

అడుగులు దగ్గరయ్యాయి. పెద్దావిడ కళ్ళు మూసుకుని తెరిచింది. పెదవులు ఏదో అనబోయి ఆగాయి. ఆ క్షణంలో ఆమె ఒక్క కేక వేస్తే చాలు, కొడుక్కి అంతా అర్థమైపోతుంది. వదిన ఆమె మొహాన్నే చూస్తోంది.

ఆమె కేక వెయ్యలేదు.

గడియ తీసిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. పెద్దావిడ పక్కకి తప్పుకుంది.